రేణుక నవ్వు, పార్టీల మౌనం

2018 ఫిబ్రవరి 7న రాష్ట్రపతి ప్రసంగానికి ధన్యవాద తీర్మానంపై ప్రధాని నరేంద్ర మోదీ రాజ్యసభలో సమాధానమిస్తున్నారు. ఆధార్ ఆలోచన వాజపేయి హయాం నాటిదేనని ఆయన చెబుతుండగా కాంగ్రెస్ సభ్యురాలు రేణుకా చౌదరి గట్టిగా నవ్వారు. ఛైర్మన్ వెంకయ్యనాయుడు ఆమెను మందలించి, ఏదైనా ఇబ్బంది ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నారు. ప్రధాని కల్పించుకుని ఆమెను ఏమీ అనొద్దని, రామాయణం సీరియల్ తర్వాత ఇలాంటి నవ్వు వినే భాగ్యం ఇన్నాళ్లకు దక్కిందని అన్నారు. అధికార పక్షం పగలబడి నవ్వింది. ఆయన రామాయణంలోని ఏ పాత్ర పేరూ ఎత్తలేదు. కేంద్ర సహాయమంత్రిగా ఉన్న కిరణ్ రిజిజు మాత్రం సీరియల్‌లోని శూర్పణఖ దృశ్యం జోడించిన వీడియోను ఫేస్‌బుక్‌లో పెట్టారు. తర్వాత తీసేశారు.

రేణుక ఊరుకోలేదు. ప్రధాని తనను వ్యక్తిగతంగా కించపరిచారని, ఇది మొత్తం స్త్రీల గౌరవానికి సంబంధించిన విషయమని సభ బయట విలేకరుల ముందు నిలదీశారు. రిజిజుపై హక్కుల ఉల్లంఘన నోటీసు ఇచ్చారు. 2023 మార్చిలో రాహుల్ గాంధీకి సూరత్ కోర్టు పరువునష్టం కేసులో శిక్ష వేసినప్పుడు సభలోని ఆ పాత వీడియోను మళ్లీ బయటికి తీసి, తానూ ప్రధానిపై పరువునష్టం దావా వేస్తానన్నారు.

ప్రధాని మాట్లాడుతుంటే అంత గట్టిగా నవ్వడం సభా మర్యాదేనా అని అప్పుడు చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. సభలో అంతరాయం కలిగిస్తే అదుపు చేసే అధికారం ఛైర్మన్‌కు ఉంది, దానికి నిబంధనలూ ఉన్నాయి. అయితే అక్కడ జరిగింది నిబంధన గుర్తు చేయడం కాదు. పోడియం చుట్టుముట్టి కాగితాలు చించి విసిరిన మగ సభ్యులను సస్పెండ్ చేసిన సందర్భాలు కోకొల్లలు. వాళ్లలో ఎవరి గొంతునూ పురాణాల్లోని రాక్షసుడి గొంతుతో పోల్చలేదు. తప్పు చేసిన మగ సభ్యుడికి శిక్ష పడితే, ఆమెకు మాత్రం ఎగతాళి ఎదురైంది. వివక్ష ఉన్నది ఈ తేడాలోనే.

ఆ పోలిక ఎంత బరువైనదో భద్రాచలం వైపు వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న పర్ణశాలకు వెళితే, సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులంటూ రాళ్ల మీది చారలు చూపిస్తారు. బంగారు లేడి ఘట్టం బొమ్మల్లో కనిపిస్తుంది. శూర్పణఖ ముక్కుచెవులు కోసిన కథ ఇక్కడి పిల్లలకు బడి కంటే ముందే తెలుసు. ఒక స్త్రీకి ఆ పేరు తగిలించడమంటే ఆమెకు పడాల్సిన శిక్షను కూడా గుర్తు చేయడమే. పదేళ్లు ఖమ్మం ఎంపీగా పనిచేసి, కేంద్రంలో మహిళా శిశు అభివృద్ధి శాఖను చూసిన నాయకురాలికి ఆ పేరు తగిలించారు.

మహిళలను గెలిపించడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. తెల్ల లక్ష్మీకాంతమ్మను ఖమ్మం 1962, 1967, 1971ల్లో వరుసగా లోక్‌సభకు పంపింది. 1999, 2004ల్లో రేణుకను గెలిపించింది. అప్పటి భద్రాచలం ఎస్టీ స్థానం చరిత్ర ఇంకా గొప్పది. 1967 నుంచి 2004 దాకా అక్కడ జరిగిన 11 సాధారణ ఎన్నికల్లో 7 సార్లు మహిళలే గెలిచారు: రాధాబాయి ఆనందరావు నాలుగుసార్లు, కర్రెద్దుల కమలకుమారి రెండుసార్లు, దుంప మేరీ విజయకుమారి ఒకసారి. 1999లో ఖమ్మంలో కాంగ్రెస్ మహిళ, భద్రాచలంలో తెలుగుదేశం మహిళ గెలిచారు. ఆడవాళ్లకు జనం ఓటెయ్యరనే సాకు ఇక్కడ చెల్లదు.

అలాంటి చోట ఇప్పుడున్న లెక్క చూడండి. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో కలిపి 10 అసెంబ్లీ స్థానాలుంటే, 2023లో గెలిచిన మహిళ సత్తుపల్లి నుంచి మట్టా రాగమయి ఒక్కరే. ఆ ఎన్నికల్లో గెలిచిన మొత్తం 119 మందిలో మహిళలు 10 మంది. 2009 నుంచి 2024 దాకా నాలుగు ఎన్నికల్లోనూ ఖమ్మం లోక్‌సభ స్థానంలో మగవాళ్లే గెలిచారు.

సంఖ్య ఇంత తక్కువగా ఉంటే అవమానం ఎదురైనప్పుడు పక్కన నిలబడేవాళ్లూ తక్కువే. ఉన్న కొద్దిమందినీ పార్టీ గీత విడదీస్తుంది. 2024లో తెలంగాణలో దాదాపు రెండు నెలల వ్యవధిలో జరిగినవే ఇందుకు సాక్ష్యం. జులై 31న అసెంబ్లీలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, వెనక కూర్చున్న అక్కలను నమ్ముకుంటే బస్టాండే గతి అన్న అర్థంలో బీఆర్ఎస్ నేత కేటీఆర్‌ను హెచ్చరించారు. ఆ మాట తమ గురించేనని ఆ పార్టీ ఎమ్మెల్యేలు సబితా ఇంద్రారెడ్డి, సునీతా లక్ష్మారెడ్డి అభ్యంతరం చెప్పారు. ఉమ్మడి రాష్ట్రంలో హోంమంత్రిగా చేసిన సబిత, తనను ఎందుకు లక్ష్యంగా చేసుకుంటున్నారని సభలోనే కన్నీటితో అడిగారు. కాంగ్రెస్ నుంచి వచ్చిన జవాబు ఆమె పార్టీ మారిన సంగతి గురించి. పదిహేను రోజులకే, ఆగస్టు 15న, ఉచిత బస్సుల్లో మహిళలు బ్రేక్ డ్యాన్సులు, రికార్డింగ్ డ్యాన్సులు చేసుకున్నా తమకేమీ అభ్యంతరం లేదన్నట్టు కేటీఆర్ మాట్లాడారు. ఈసారి గొంతెత్తిన వాళ్లు కాంగ్రెస్ మహిళా నేతలు. కేటీఆర్ విచారం వ్యక్తం చేసి, మహిళా కమిషన్ ముందు హాజరయ్యారు.

సెప్టెంబరు చివరలో మంత్రి కొండా సురేఖ వంతు వచ్చింది. ఎంపీ రఘునందన్ రావు ఆమె మెడలో నూలు దండ వేసిన ఫొటోను సోషల్ మీడియాలో అసహ్యంగా తిప్పారు. ఆమె విలేకరుల ముందు కంటతడి పెట్టారు. ఆమె వేదన న్యాయమైనది. కానీ రెండు రోజులకే, అక్టోబరు 2న, కేటీఆర్‌ను విమర్శించే క్రమంలో ఈ రాజకీయాలతో ఏ సంబంధమూ లేని నటి సమంత వైవాహిక జీవితాన్ని ఆమె వీధిలోకి లాగారు. తర్వాత ఆ మాటలు వెనక్కి తీసుకున్నారు. తన గాయం తెలిసిన నాయకురాలే మరో స్త్రీని గాయపరిచారంటే, రాజకీయ భాష ఎంతగా చెడిపోయిందో తెలుస్తుంది.

ఈ ఘటనల్లో ఒక్క పార్టీ కూడా సొంత నాయకుడిని తప్పుపట్టడానికి ముందుకు రాలేదు. రేణుక కోసం కాంగ్రెస్ మాట్లాడింది, సబిత కోసం బీఆర్ఎస్ మాట్లాడింది. అవతలి పక్షం మహిళకు జరిగిన అవమానం మీద నోరు విప్పిన వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2012 అక్టోబరు 9న ఆస్ట్రేలియా ప్రధాని జూలియా గిలార్డ్ పార్లమెంటులో ప్రతిపక్ష నేత టోనీ అబాట్‌ను స్త్రీద్వేషంపై పావుగంట కడిగేసినప్పుడు ప్రపంచమంతా విన్నది. మన సభల్లో మహిళ అలా లేస్తే మొదట వినిపించేది, మీ పార్టీ ఏం చేసిందన్న ఎదురు ప్రశ్న.

కెమెరాలు లేని చోట పరిస్థితి ఇంకా కష్టం. తెలంగాణ పంచాయతీల్లో సగం పదవులు మహిళలవి. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్పంచ్ పదవి ఎస్టీలకే. అంటే దుమ్ముగూడెం, చర్ల మండలాల ఊళ్లలో కోయ మహిళలు పెద్ద సంఖ్యలో సర్పంచులవుతారు. గ్రామసభలో కుర్చీ ఆమెదే, చెక్కు మీద ఆమె సంతకం ఉండాల్సిందే. అయినా మండలం నుంచి వచ్చిన ఉద్యోగి ఫైలును ఆమె భర్త చేతికిస్తాడు, ఆయన్నే ‘సర్పంచ్ గారూ’ అని పిలుస్తాడు. ఎండలో తునికాకు కోసి కట్టలు కట్టే స్త్రీకి దాని ధర మీద సభలో మాట్లాడే హక్కు చట్టం ఇచ్చింది. ఆమె లేచి అడిగితే ‘నీకెందుకమ్మా’ అనే మాటకు ఏ హక్కుల నోటీసూ లేదు.

చేయదగ్గ పనులు ఉన్నాయి. స్త్రీ శరీరం, నవ్వు, కాపురం, పార్టీ మార్పిడి సాకుగా చేసే వ్యాఖ్యలను రికార్డుల నుంచి తొలగించడంతో సరిపెట్టకుండా, అన్న సభ్యుడు అదే రోజు సభలో క్షమాపణ చెప్పేలా శాసనసభ నియమాలు మార్చాలి. అన్ని పార్టీల మహిళా సభ్యులతో కూడిన కమిటీకి ఫిర్యాదు తీసుకునే అధికారం ఇవ్వాలి. సర్పంచ్ బదులు భర్తతో పని నడిపించే అధికారిపై జిల్లా కలెక్టర్ చర్య తీసుకోవాలి. 2023లో పార్లమెంటు ఆమోదించిన మహిళా రిజర్వేషన్ చట్టం అమలును జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. అది అమలైతే ఇప్పుడున్న 119 స్థానాల లెక్కన శాసనసభలో సుమారు 40 మంది మహిళలుంటారు. అందాకా పార్టీలు ఆగాల్సిన పనిలేదు. రానున్న ఎన్నికల్లో ఈ రెండు జిల్లాల పది సీట్లలో కనీసం మూడింటిని మహిళలకు ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డురాదు. లక్ష్మీకాంతమ్మను, రాధాబాయిని మళ్లీ మళ్లీ గెలిపించిన ఓటర్లకు పార్టీలు ఇవ్వాల్సిన జవాబు టికెట్ల జాబితాలోనే ఉండాలి.