రాకాసి గుళ్ల మీద బండి నడిపే ముందు మా గ్రామసభలో కూర్చోండి



పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. మూడు రోజుల నుంచి రాత్రి మెస్ అయిపోయినాక కూర్చొని రాస్తున్నా. తప్పులుంటే పెద్దోళ్లు సరిచేయండి.

మాది ములుగు జిల్లాలో అడవి లోపల ఒక చిన్న గూడెం. ఊరి పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకో కింద చెప్తా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. బీఎస్సీ, అందులో జియాలజీ ఒక సబ్జెక్టు. మా గూడెం వెనక అడవిలో పెద్ద బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పిన పాత సమాధులు ఉన్నాయి. రాకాసి గుళ్లు అంటాం. చిన్నప్పుడు మేకల వెంట పోయినప్పుడు వాన వస్తే వాటి కిందే దూరేవాళ్లం.

నేను ఇంటర్‌లో ఉండగా ఒక టీమ్ జీపులో వచ్చింది. వాళ్ల దగ్గర చంటిపిల్లల్ని తిప్పే బండి లాంటిది ఒకటి ఉంది, చక్రాలు, పైన చిన్న స్క్రీన్. మా అన్నవాళ్లు నలుగురు పొదలు కొట్టడానికి రెండు రోజులు కూలికి పోయారు. మా తాత దగ్గరికి పోయి అడిగాడు, "సారూ, లోపల ఏమన్నా కనబడిందా?" అని. "రిపోర్టు వస్తది పెద్దాయనా" అన్నారు. ఆ రిపోర్టు ఇప్పటిదాకా రాలే. నేను సెలవులకు పోయిన ప్రతిసారీ తాత అడుగుతాడు, "ఏమే పిల్లా, ఆ బండి సార్లు ఏం చెప్పిన్రు?" అని. పట్నంలో చదువుతున్నా కాబట్టి నాకు తెలిసే ఉంటదని ఆయన నమ్మకం.

మొన్న క్లాసులో జియోఫిజిక్స్ పాఠంలో ఆ బండి బొమ్మ చూసి లేచి నిలబడినంత పని చేశా. దాన్ని జీపీఆర్ అంటారు. భూమిలోకి రాడార్ తరంగాలు పంపుతుంది. మట్టి మారినచోట, రాయి ఉన్నచోట, ఖాళీ ఉన్నచోట కొంత తరంగం వెనక్కి వస్తుంది. ఎంత సేపటికి వచ్చిందో చూసి ఎంత లోతో లెక్క కడతారు. ఇసుక నేల, పొడి నేల అయితే బాగా కనిపిస్తుంది. తడి రేగడిలో తరంగాన్ని మట్టే మింగేస్తుంది, ఏమీ కనబడదు. ఇంకొకటి మాగ్నెటోమీటర్. మన ప్రాంతంలో భూమి అయస్కాంత బలం సుమారు 42,000 నానోటెస్లాలు. పాత పొయ్యి, కాలిన మట్టి, పూడ్చిన గుంత ఇచ్చే తేడా చాలాసార్లు పది నానోటెస్లాలు కూడా ఉండదు. అంత చిన్న తేడా పట్టుకోవాలి కాబట్టి అది మోసే మనిషి దగ్గర బెల్టు బకిల్, తాళంచెవి, ఫోను ఏమీ ఉండొద్దు. (మా అన్నవాళ్లు చేతిలో గొడ్డళ్లతో పక్కనే నిలబడ్డారు. ఆ రోజు మాగ్నెటోమీటర్ తేలేదు, నయం.) మూడోది రెసిస్టివిటీ, నేలలో చిన్న ఇనుప కడ్డీలు గుచ్చి కరెంటు పంపి చూసేది. పైనుంచి లేజర్‌తో చూసే లైడార్ ఉండనే ఉంది. గ్వాటెమాల అడవుల కింద 60,000కు పైగా మాయా కట్టడాలు లైడార్‌లో కనబడ్డాయని 2018లో ప్రకటించారు.

నేను ఈ యంత్రాలకు వ్యతిరేకం కాదు, ఇది గట్టిగా చెప్తున్నా. తవ్వితే సమాధి పోతుంది. ఒకసారి విప్పిన సమాధిని మళ్లీ ఎవరూ కట్టలేరు. మా వైపు ఇప్పటికీ పెద్దోళ్లు చనిపోతే రాయి నిలబెట్టే ఆనవాయితీ ఉంది. ఆ రాకాసి గుళ్లు మా పూర్వీకులవేనా అంటే నేను చెప్పలేను, అవి ఇనుప యుగంవి అని పుస్తకాల్లో ఉంది. ఎవరివైనా సమాధులు సమాధులే. తవ్వకుండా చూసే దారి ఉందంటే అందరికన్నా ముందు సంతోషపడాల్సింది మనమే.

నా గొడవ వేరే. మా హాస్టల్ సీనియర్ అన్న ఒకరు అన్నారు, "తవ్వట్లేదు కదా, ఏమీ ముట్టుకోవట్లేదు కదా, ఇక ఊరిని అడిగేదేముంది?" అని. ఇక్కడే అన్నతో నాకు పడలేదు. డాక్టర్ స్కానింగ్ తీస్తే కడుపు కోయడు, నిజమే. అయినా మనిషిని అడగకుండా తీస్తాడా? తీసినాక రిపోర్టు ఆ మనిషికి ఇవ్వకుండా జేబులో పెట్టుకుని పోతాడా?

ఆ రోజు టీమ్ దగ్గర పర్మిషన్లు లేవని నేను అనట్లేదు. పై నుంచి అన్నీ తెచ్చుకునే ఉంటారు. గ్రామసభ తీర్మానం ఒక్కటే లేదు. 1996 పెసా చట్టం మన ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 కూడా మన సాంస్కృతిక, ప్రకృతి వారసత్వం చెడిపోకుండా చూసుకోమంటుంది. ఇవి గ్రూప్స్ పరీక్షకు బట్టీ పట్టడానికే ఉన్నాయా?

ఇంకో భయం ఉంది, ఇది ఊళ్లో పైకి అనరు. కేంద్ర రక్షిత కట్టడంగా ప్రకటిస్తే చుట్టూ 100 మీటర్లు కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు అనుమతి తీసుకునే కట్టాలి. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ఇది. మా గూడెంలో చివరి ఇంటికీ మొదటి రాకాసి గుడికీ మధ్య దూరం 100 మీటర్లు ఉంటదో ఉండదో. రేపు మా చిన్నాన్నకు ఇల్లు మంజూరైతే ఎక్కడ కట్టాలి? సర్వే అంటే ఊరికే ఫొటో తీసుకోవడం కాదు, ఆ మ్యాపు మీద రేపు ఎవరో గీత గీస్తారు. ఆ గీత ఎటు పోతదో ముందే మాకు చెప్పాలి. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి, మంచిదే. కాబట్టి మన రాళ్ల వైపు కూడా జీపులు వస్తాయి, రాసి పెట్టుకోండి.

మ్యాపు బయట పెడితే గుప్త నిధుల బ్యాచ్‌లు వస్తాయి. రాత్రిపూట నిమ్మకాయలు, పలుగులు పట్టుకుని వచ్చేవాళ్ల సంగతి మీ ఊళ్లలో కూడా తెలుసు. స్క్రీన్ మీద "ఇక్కడ లోపల ఏదో ఉంది" అని ఎర్ర చుక్క కనబడితే వాళ్లకు అంతకన్నా ఏం కావాలి! అందుకే ఊరి పేరు రాయలేదు.

కెనడా సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కామ్‌లూప్స్ అని ఒక ఊరు. అక్కడి ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి పెట్టిన రెసిడెన్షియల్ స్కూలు ఉండేది. 2021లో అక్కడి తెగ వాళ్లే ముందుకొచ్చి, నిపుణురాలిని పిలిపించుకుని ఆ ఆవరణలో జీపీఆర్ చేయించారు. 215 చోట్ల సమాధులు కావచ్చు అన్నారు, తర్వాత ఆ లెక్కను 200కు సవరించారు. పేపర్లు మాత్రం శవాలు దొరికాయి అని రాసేశాయి. రాడార్‌కు ఎముక కనబడదు అన్నలారా, కదిలిన మట్టి కనబడుతుంది, గుంత ఆకారం కనబడుతుంది. చెట్టు వేరు, పాత పైపు గుంత కూడా అలాగే కనబడొచ్చు. నేను హాస్టల్ మంచం మీద కూర్చుని ఇది చదువుతున్నా, ఎలా ఉంటదో మీకు చెప్పక్కర్లేదు. కానీ నాకు పట్టిన విషయం ఏంటంటే, ఎక్కడ చూడాలి, ఎప్పుడు చూడాలి, చూసినాక ఎవరికి చెప్పాలి అన్నది వాళ్లే పట్టుకున్నారు. ఎక్కడ వెతకాలో చెప్పింది అక్కడ చదివిన ముసలోళ్ల జ్ఞాపకాలు.

మన దగ్గర కూడా సర్వే ప్లాన్ వేసేది అక్కడి నుంచే మొదలవ్వాలి. పాత టోపో షీట్లు, ఇస్రో భువన్‌లో ఉపగ్రహ చిత్రాలు ముందు చూస్తారు, సరే. మా తాతను అడిగితే ఏ గుట్ట పక్కన బండలు కూలిపోయాయో, ఏ పోడులో నాగలికి కుండ పెంకులు తగిలాయో ఒక్క పూటలో చెప్తాడు. తర్వాత నేల మీద 20 మీటర్లకు 20 మీటర్లు గడులు కొట్టి, అర మీటరుకో మీటరుకో ఒక గీత చొప్పున నడవాలి. గీత తప్పితే బొమ్మ తప్పుతుంది. అడవిలో తీగల మధ్య తాడు పట్టి తిన్నగా నడిచే పని మా పిల్లలకన్నా బాగా ఎవరు చేస్తారు?

ఎప్పుడు రావాలన్నది కూడా ఊరే చెప్పాలి. లైడార్‌కు టేకు ఆకు రాలినాక, అంటే ఫిబ్రవరి దాటినాక మంచిది. కానీ మార్చి, ఏప్రిల్‌లో తెల్లారకముందే అందరూ ఇప్పపువ్వు ఏరడానికి పోతారు, మేలో తునికాకు. ఏడాది ఉప్పు పప్పు అందులోనే. అప్పుడు కూలికి రమ్మంటే ఎవరొస్తారు, వచ్చినా నష్టమే. మేడారం జాతర నెల అయితే మా వైపు మాటే వద్దు. రెసిస్టివిటీకి నేలలో కొంత తేమ కావాలి, ఎండాకాలంలో కడ్డీ గుచ్చినా లాభం లేదు. వానలు పోయినాక చేద్దామంటే పత్తి, మిర్చి చేలల్లో ఉంటాయి, బండి నడిస్తే మొక్క పోతుంది. కాబట్టి గడి ఎక్కడ పడుతుందో రైతుతో మాట్లాడి, కోత అయినాక రావాలి. ఇదంతా యూనివర్సిటీలో కూర్చుని క్యాలెండర్ చూస్తే తెలియదు.

1868 నాటికే ముల్హెరాన్ అనే బ్రిటిష్ సర్వే ఆయన మన గోదావరి అడవుల్లో రాతి సమాధులు, శిలువలాంటి రాళ్ల గురించి రాశాడు. ఆయనకు ఆ దారి చూపించింది ఎవరు? పేర్లు లేవు. మా అన్నవాళ్ల పేర్లు కూడా ఆ టీమ్ కాగితాల్లో కూలి మస్టర్‌లో తప్ప ఎక్కడా ఉండవని నా అనుమానం. రెండు రోజులు గీతలు నడిచిన పిల్లోడికి స్క్రీన్ మీద ఏం కనబడుతుందో పది నిమిషాలు చెప్తే ఏం పోయింది? ఇంటర్ సైన్స్ చదివినోడికి అర్థం కాని విద్య కాదు ఇది.

నేను ఈ దసరా సెలవుల్లో చేయబోయేది చెప్తా. మా ఊరి ఇద్దరు చెల్లెళ్లను తీసుకుని, తాతను ముందు నడిపించి, రాకాసి గుళ్లు ఒక్కొక్కటి లెక్క పెడతాం. ఫోన్‌లో జీపీఎస్, టేపుతో కొలతలు, ఫొటో, ఏ బండ ఎటు ఒరిగిందో రాసుకోవడం, అంతే. దేన్నీ కదిలించం. ఆ లెక్క ఈ గ్రూపులో పెట్టను, గ్రామసభ రిజిస్టర్‌లో ఉంటది. ఈసారి జీపు వచ్చినప్పుడు సర్పంచ్, పెద్దమనుషులు ఆ రిజిస్టర్ ముందు పెట్టుకుని మాట్లాడతారు. రిపోర్టు తెలుగులో ఒక కాపీ మాకు ఇస్తామని సంతకం పెట్టినాకే బండి దించాలి.

ఒక సాయం కావాలి. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ మీలో ఎవరికైనా వస్తే నాకు మెసేజ్ పెట్టండి. మా ఫ్లోర్‌లో ఒకటే ల్యాప్‌టాప్ ఉంది, అది కూడా అక్క ప్రాజెక్టు అయినాక రాత్రి పదింటికి గానీ దొరకదు. ఆ టైమ్‌కు ఫోన్‌లో నేర్పగలిగినవాళ్లయితే ఇంకా మంచిది.