కుటుంబ సలహాదారు ఎవరికి బాధ్యులు?

వేతన సవరణ, కరవు భత్యం, పెన్షన్, ఖాళీల భర్తీ – మన సంఘాల సభలలో తీర్మానాలు సాధారణంగా ఈ సమస్యల చుట్టూనే సాగుతాయి. అది సహజమే. కాని శాఖా కార్యదర్శి బల్ల ముందుకు వచ్చేవారు ఈ సమస్యలతో మాత్రమే రారు. జీతం చేతికి వచ్చిన నాలుగు రోజులకే భర్త తాగి తగలేస్తున్నాడని ట్రాక్‌మన్ భార్య వస్తుంది. అత్తవారింటి వేధింపులకు తాళలేక, ఉన్న సెలవులన్నీ వాడేసిన పోస్టల్ అసిస్టెంటు వస్తుంది. నెలలో సగం రాత్రులు రన్నింగ్ రూములలోనే గడిపే లోకో పైలట్, ఇంట్లో మాట పలికేవారు లేరని వచ్చి కూర్చుంటాడు.

"ఇవి ఇంటి గొడవలు, సంఘానికి వీటితో పనేమిటి?" అని కొందరు మిత్రులు వాదిస్తారు. ఈ వాదన నిలువదు. 1974 మే 8న మొదలై సుమారు మూడు వారాలు సాగిన రైల్వే సమ్మెలో కార్మికుల భార్యాబిడ్డలను క్వార్టర్ల నుండి వెళ్ళగొట్టిన ప్రభుత్వం, ఉద్యోగం వేరు, కుటుంబం వేరు అని తలచలేదు. చట్టమూ అలా తలచడం లేదు. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1966 నాటి రైల్వే సర్వీసుల ప్రవర్తనా నియమావళి – రెండూ ఉద్యోగి రెండవ వివాహాన్ని నిషేధిస్తున్నాయి. 2005 గృహహింస నిరోధక చట్టం ప్రకారం, కోర్టు విధించిన మనోవర్తిని భర్త చెల్లించకపోతే, అతని జీతంలో కొంత భాగాన్ని నేరుగా భార్యకు చెల్లించవలసిందిగా యాజమాన్యాన్నే మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. అరెస్టయి 48 గంటలు దాటి నిర్బంధంలో ఉన్న ఉద్యోగి సస్పెండయినట్లే లెక్క. ఇంటి గొడవ ఈ విధంగా ఏదో ఒకనాడు సర్వీసు ఫైలులోకి రాక తప్పదు.

అందుచేత సంబంధం ఉన్నదా లేదా అనే చర్చ అనవసరం. ఆ గోడు వినే వ్యక్తిని ఎవరు నియమించాలి, ఆమె ఎవరికి బాధ్యురాలై ఉండాలి అనేదే అసలు ప్రశ్న. బొంబాయి నగరంలో పుట్టిన ఒక సేవా విభాగం చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని సమాధానం ఇస్తున్నది.

ఆ చరిత్ర మూలాలు కార్మిక వాడలలోనే ఉన్నాయి. 1920లలో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ బొంబాయిలోని నాగ్‌పాడాలో ఒక ఇరుగుపొరుగు సేవాకేంద్రాన్ని నెలకొల్పినాడు. ఆ పక్కనే ఉన్న కామాఠీపురా, తెలంగాణ ప్రాంతం నుండి కూలికి వలసపోయిన మన తెలుగువారి వలన ఆ పేరు పొందిన వాడ. పేదల మధ్య పనిచేయడానికి జాలి ఒక్కటే చాలదు, శిక్షణ కావాలి అన్న అనుభవం నుండి 1936లో సర్ దొరాబ్జీ టాటా పేరిట సంఘసేవా విద్యాలయం ఏర్పడినది. మాన్‌షార్ట్ దానికి తొలి డైరెక్టరు. 1944 నుండి అదే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్.

1970ల చివర, 1980ల మొదట దేశమంతటా వరకట్న మరణాలపై మహిళా సంఘాలు ఆందోళన సాగించినవి. ఫలితంగా 1983లో శిక్షాస్మృతిలో 498-ఎ సెక్షన్ చేరినది. చట్టం వచ్చినది కాని పోలీసు స్టేషను తీరు మారలేదు. దెబ్బలు తిని వచ్చిన స్త్రీకి "సర్దుకుపో తల్లీ" అనే సలహాయే ఎదురయ్యేది. ఈ పరిస్థితిలో 1984లో టాటా ఇన్‌స్టిట్యూట్, బొంబాయి పోలీసు శాఖ సహకారంతో, పోలీసు కమిషనర్ కార్యాలయంలోనే స్త్రీలు, బాలల కొరకు 'స్పెషల్ సెల్' అనే విభాగాన్ని ప్రారంభించినది.

ఈ ఏర్పాటులో రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, స్థలం. ఆపదలో ఉన్న స్త్రీ చివరకు పోలీసు గడపనే తొక్కుతుంది కనుక, సేవ కూడా ఆ గడపలోనే ఉండాలని వారు భావించినారు. రెండవది, నియామకం. ఆ గదిలో కూర్చున్న సంఘసేవకురాలు పోలీసు ఉద్యోగి కాదు. ఆమెను పంపినది ఒక విద్యాసంస్థ. కనుకనే ఫిర్యాదు నమోదు చేయవలసిందేనని పోలీసు అధికారితో ఆమె వాదించగలిగినది. ఆమె ప్రమోషను, బదిలీ అతని చేతిలో లేవు.

వారి పనితీరు కూడా తెలుసుకోదగినది. ముందుగా స్త్రీ చెప్పేదంతా ఏకాంతంగా వింటారు. ఆమె కోరేదేమిటో ఆమెనే అడుగుతారు. ఇంటికి తిరిగి వెళ్ళదలిస్తే, భర్తను, అత్తమామలను పిలిపించి, ఇకముందు చేయి ఎత్తరాదన్న షరతుపైనే మాటలు సాగిస్తారు. వెళ్ళనంటే పుట్టింటి వారిచ్చిన నగలు, సామాను ఇప్పించడం, వసతి గృహం చూపడం, న్యాయసహాయం సమకూర్చడం వారి పనే. కాపురం నిలబెట్టడం కంటే హింస ఆగడం ముఖ్యమన్నది వారి సూత్రం. ఈ పద్ధతి ఫలించడంతో విభాగం ఇతర పోలీసు స్టేషన్లకు, జిల్లాలకు విస్తరించినది. 2005లో మహారాష్ట్ర ప్రభుత్వం దీనిని తన కార్యక్రమంగా స్వీకరించినది.

ఇదే ఆలోచన మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ మరొక దారిలో చేసినారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించిన ఆమె, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైనారు. ఆ సంవత్సరమే చైనా పర్యటనలో కుటుంబ న్యాయస్థానాలను చూసి వచ్చి, మన దేశంలోనూ అవి కావాలని ప్రధాని నెహ్రూకు సూచించినారు. ఆ చట్టం రావడానికి 1984 వరకు, అంటే 31 ఏళ్ళు పట్టినది. ఆమె అప్పటికి మూడేళ్ళ క్రితమే కన్నుమూసినారు. 1980లలో సంక్షేమ బోర్డు స్వచ్ఛంద సంస్థల ద్వారా కుటుంబ సలహా కేంద్రాలు తెరిపించినది. కాని అక్కడి సలహాదారులకు ఇచ్చినది వేతనం కాదు, గౌరవ భృతి. 2015లో మొదలైన సఖి కేంద్రాలలోనూ కాంట్రాక్టు నియామకాలే. ఇతరుల బ్రతుకు నిలబెట్టే ఉద్యోగినికి తన ఉద్యోగం రేపు ఉంటుందో లేదో తెలియని స్థితి ఇది.

మన విషయానికి వద్దాము. రైల్వేలలో సంక్షేమ ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు. ఉద్యోగి మరణించినప్పుడు సెటిల్‌మెంటు కాగితాలు, కారుణ్య నియామకపు విచారణ వారి చేతుల మీదుగానే సాగుతాయి. వారి సేవను మేము తక్కువ చేయడం లేదు. అయితే వారు పనిచేసేది పర్సనల్ విభాగంలో. క్రమశిక్షణ ఫైళ్ళు నడిచేదీ అక్కడే. తన తాగుడు గురించి, తన ఇంటి కలహం గురించి ఒక పాయింట్స్‌మన్ అక్కడ మనసు విప్పి చెప్పగలడా? కార్యాలయమూ, కాలనీ ఒకే గోడకు ఇరువైపులా ఉన్నచోట ఆ మాట సాయంత్రానికి అందరికీ చేరదా? గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నియమావళి, వివాదంతో సంబంధమున్నవారు గాని కక్షిదారుల బంధువులు గాని సలహాదారుగా ఉండరాదని శాసించినది. హింసకు సమర్థనగా ఏ కారణమూ ఆ చర్చలో చెప్పరాదని కూడా అన్నది. ఈ ప్రమాణం మన డివిజన్లకూ వర్తించాలి.

సంఘ నాయకుడే పంచాయతీ చేయవచ్చు గదా అని అడిగేవారున్నారు. భర్త మన సభ్యుడు, భార్య సభ్యురాలు కాదు. ఓటున్నవాని వైపు తక్కెడ మొగ్గదని ఆమెకు ఎవరు హామీ ఇస్తారు? సంఘం చేయవలసినది తీర్పు చెప్పడం కాదు, నిష్పాక్షికమైన ఏర్పాటు సాధించడం. సకాలంలో వినేవారుంటే అనేక వ్యవహారాలు అరెస్టు దాకా, సస్పెన్షను దాకా పోవు. అందువలన మేలు ఉద్యోగికీ కలుగుతుంది.

కనుక పి.ఎన్.ఎం., జె.సి.ఎం. వేదికలపై ఈ కోర్కెలను ఎజెండాలో చేర్చవలసిందిగా అన్ని శాఖలను కోరుతున్నాము:

(1) ప్రతి రైల్వే డివిజన్‌లోను, ప్రతి పోస్టల్ రీజియన్‌లోను శిక్షణ పొందిన కుటుంబ సలహాదారులు ఉండాలి. వారిని సంఘసేవా విద్యాసంస్థల ద్వారా నియమించాలి, పర్సనల్ విభాగం అదుపులో ఉంచరాదు.

(2) ఉద్యోగుల భార్యలు, తల్లులు, గ్రామీణ డాక్ సేవకులు కూడా నేరుగా వెళ్ళగలగాలి.

(3) అక్కడ చెప్పిన మాట సర్వీసు రికార్డులోకి ఎక్కరాదు.

(4) సలహాదారులకు భృతి కాక వేతనం, కాంట్రాక్టు కాక ఉద్యోగ భద్రత కల్పించాలి.

(5) భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఒకేచోట నియమించాలన్న ఆదేశాలను అమలు జరపాలి. రన్నింగ్ సిబ్బందికి ఇంటిపట్టున విశ్రాంతి కచ్చితంగా ఇవ్వాలి.

ఈ చివరి కోర్కెను విడిచి మిగిలినవి సాధించినా ఫలితం సగమే. నెలల తరబడి మనిషిని ఇంటికి దూరం చేసి, ఆ పిమ్మట కాపురం చక్కదిద్దుకొమ్మని సలహా ఇవ్వడం న్యాయం కాదు. పని గంటల పోరాటమూ, కుటుంబ సలహా కేంద్రం కోసం పోరాటమూ ఒక్కటేనని మా దృఢ విశ్వాసం. రాబోయే శాఖా మహాసభలలో ఈ విషయం చర్చించి, తీర్మానాలు పంపవలసిందిగా సభ్యులందరికీ విజ్ఞప్తి చేస్తున్నాము.