ఎకరమున్నర వెలుగు

పాలమూరు సీమలో ఎర్రని చెల్కలను చీల్చుకొని నల్లని రాతిగట్లు దూరదూరముల వరకు సాగుచుండును. రెండువందల కోట్ల యేండ్లకు పూర్వమే గ్రానైటు పగుళ్లలోనికి ద్రవరూపమున ఎగదన్ని చల్లారిన డోలరైటు అది. క్వారీలవారు తరచు బ్లాక్ గ్రానైటని అమ్ము రాయియు నిదియే. అందలి పైరాక్సీను ఖనిజము చంద్రునిపై మచ్చలవలె తోచు మైదానములందును కలదు. అది సూర్యకాంతిలో ఒకటి, రెండు మైక్రానుల తరంగదైర్ఘ్యముల చెంత కొంత మ్రింగి తక్కినది మరలించును; ఆ లోటును చదువుటయే పరారుణ వర్ణపటమాపకము పని.

2008లో చంద్రయాన్-1 మోసికొనిపోయిన అమెరికా వారి మూన్ మినరాలజీ మ్యాపర్ అను వర్ణపటమాపకపు దృష్టి 3 మైక్రానులతో ఆగిపోయినది. నీటి జాడ తెలుపు కాంతిలోటు సరిగా ఆ సరిహద్దుననే యున్నది. పట్టపగలు నూరు డిగ్రీలు దాటి కాగు చంద్రతలము తన వేడిమిచేతనే ఆ తరంగములను వెలువరించి, లోటును పూడ్చి, నీటి ఆనవాలును తక్కువచేసి చూపును. అహ్మదాబాదులోని స్పేస్ అప్లికేషన్స్ సెంటరువారు, 2019లో శ్రీహరికోట నుండి ఎగసిన చంద్రయాన్-2 కొరకు నిర్మించిన పరికరమునకు 5 మైక్రానుల దాక చూపు నిచ్చుటచే, ఆ వేడిమిని వేరుగా కొలిచి తీసివేయు వీలు కలిగినది. అయితే దాని గ్రాహకము తానే వెచ్చగా నున్నచో తన వేడిమి పుట్టించు సంకేతమును చంద్రునిదిగా లెక్కించును గాన, దానిని సుమారు మైనస్ 183 డిగ్రీలకు చల్లార్పవలసివచ్చినది. ఆ రూపకల్పనలో నన్ను మిక్కిలి ముగ్ధుని చేసిన ఘట్టమిది.

నూరు కిలోమీటర్ల ఎత్తునుండి ఆ పరికరము విడిగా గుర్తింపగల తావు సుమారు 80 మీటర్ల చదరము, అనగా మన రైతు లెక్కలో ఎకరమున్నర. అచటి వెలుగు దాదాపు 250 పాయలుగా విడివడును. ఆ ఎకరమున్నరలో రాయి, ధూళి, నీడ కలగలసియుండుటచే, చేత పట్టిన రాతితో పోల్చి చూచిన గాని ఆ పాయల హెచ్చుతగ్గులను చూపు గీతల భావము తేటపడదు.

చంద్రయాన్-2 సమాచారమును ఇస్రో అందరికిని ఉచితముగా నిచ్చుచున్నది. పోల్చదగిన రాయి మన గట్లపై నున్నది. ఈ రెంటిని కలుపు విద్య మహానగరములకే విడువదగినది కాదు. వనపర్తి రాజప్రాసాదమున నడచు ప్రభుత్వ పాలిటెక్నిక్కు విద్యార్థులు గ్రేటింగును, కటకములను అమర్చి చిన్న వర్ణపటమాపకమును స్వహస్తములతో నిర్మింపవచ్చును. సాధారణ సిలికాను గ్రాహకము సుమారు ఒక మైక్రాను వరకు చూడగలదు, పైరాక్సీను తొలి లోటు అచటనే యున్నది. దానికావల చూచుటకు జిల్లాకొక క్షేత్రపరికరమును, దానిని వాడ నేర్పు అధ్యాపకుని ప్రభుత్వము సమకూర్పవలెను. అప్పుడు గద్వాల బాలిక కృష్ణ యొడ్డు నల్లరేగడిని, నాగర్‌కర్నూలు బాలుడు తన చేని గట్టురాతిని సంచిలో తెచ్చి, వాని గీతలను చంద్రుని గీతల ప్రక్కన పెట్టి చూడగలరు.