తీర్మానాల పుస్తకంలో మన సంతకమేదీ?

దసరా సెలవులకు మా అమ్మాయి హైదరాబాదు నుంచి బెల్లంపల్లి వచ్చిన రోజే మా ఇంట్లో పొదుపు సంఘం మీటింగు. పదిమందిమీ చాపల మీద కూర్చున్నాం. ఒకామె అప్పు అడిగింది. ఇద్దరు వద్దన్నారు. కాసేపు గొడవైంది. చివరికి మాలో పెద్దామె, "నోటితోని అన్నది గాలికి పోతది. పుస్తకంల రాయుండ్రి, అందరు సంతకం పెట్టుండ్రి" అని తేల్చేసింది. గుమ్మంలో కూర్చుని వింటున్న మా అమ్మాయి ఫక్కున నవ్వింది. "అమ్మా, మా కంప్యూటర్ల కూడా గిదే కథనే!" అంది.

పొదుపు సంఘానికీ కంప్యూటరుకూ ఏం సంబంధం? ఆ రాత్రి రొట్టెలు చేస్తూ అడిగాను. తను చెప్పింది విన్నాక నాకు రెండు విషయాలు తోచాయి. ఒకటి సంతోషం కలిగించింది, రెండోది మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఆ రెండూ మీతో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

వర్షపాతం లెక్కలు కట్టడానికి, రోగాల వివరాలు విడదీసి చూడడానికి, ఆకాశంలో చుక్కల ఫొటోలు పరిశీలించడానికి శాస్త్రవేత్తలు కొన్ని ప్రోగ్రాములు వాడతారు. ఆర్, పైథాన్, నంపై అని వాటి పేర్లు. వీటిని డబ్బు పెట్టి కొనక్కర్లేదు. అంతకన్నా ముఖ్యం, వాటి లోపలి రాత ఎవరైనా చదవొచ్చు. తప్పుంటే దిద్ది పంపొచ్చు. సంఘం లెక్కల పుస్తకంలాగా అన్నమాట. ఏ సభ్యురాలు అడిగినా తెరిచి చూపాల్సిందే!

దీంతో మనకేం పని అంటారా? మనది బొగ్గు ఊరు. రేపు ఎవరో వచ్చి ఇక్కడి దుమ్ము వల్ల పిల్లల ఊపిరితిత్తులకు ఏమవుతోందో పరిశోధన చేశారనుకోండి. "ఏమీ కాదు" అన్నా, "ప్రమాదం" అన్నా, ఆ లెక్క ఎలా కట్టారో చూసే వీలుండాలి కదా? లెక్క కట్టిన యంత్రానికి తాళం వేసి, నమ్మండి అంటే ఎట్లా నమ్ముతాం?

ఇంతవరకూ బాగుంది. మరి దిద్దే హక్కు అందరికీ ఉంటే, ఏ దిద్దుబాటు ఉంచాలో, ఏది వద్దో తేల్చేదెవరు? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

పైథాన్‌ను గీడో వాన్ రోసమ్ అనే ఆయన తయారుచేసి 1991లో బయటపెట్టాడు. చాలా ఏళ్లు ఆఖరి మాట ఆయనదే. జీవితాంతం పదవిలో ఉండే దయగల నియంత అని సరదాగా ఆయనకు బిరుదు కూడా ఇచ్చారు. 2018లో ఒక మార్పు మీద పెద్ద వాదులాట జరిగింది. విసిగిపోయి, ఇక మీరే చూసుకోండని పక్కకు తప్పుకున్నాడు. అప్పుడు ఆ పని చేసేవాళ్లంతా చర్చించుకుని, ఓట్లు వేసుకుని, 2019 నుంచి అయిదుగురి కమిటీని ఎన్నుకుంటున్నారు.

లెక్కలను బొమ్మలుగా గీసి చూపే మాట్‌ప్లాట్‌లిబ్ కథ ఇంకొకటి. మెదడు మీద పరిశోధన చేసే జాన్ హంటర్ దాన్ని 2003లో విడుదల చేశాడు. 2012లో క్యాన్సర్‌తో పోరాడుతూ చనిపోయాడు. పని మాత్రం ఆగలేదు. అప్పటికే పదిమంది చేతులు పడి ఉన్నాయి కాబట్టి ఇవాళ్టికీ ప్రపంచమంతా దాన్ని వాడుతోంది. పుస్తకం ఒక్కరి బీరువాలోనే ఉంటే, ఆ ఒక్కరూ పోయిన రోజున సంఘమూ పోతుంది. డ్వాక్రా రోజుల నుంచీ మనకు తెలిసిన పాఠమే ఇది! వారంవారం మీటింగు, పొదుపు, అప్పు, వాయిదా, లెక్కల పుస్తకం... ఈ అయిదింటినీ చదువు రాని తల్లులు ఏళ్ల తరబడి నడిపించలేదా? పెద్ద చదువుల వాళ్లు ఇప్పుడు కూర్చుని రాసుకుంటున్న నియమాలు మన చాపల మీద ఎప్పుడో పుట్టాయి.

ఇది సంతోషం. ఇక ముల్లు సంగతి.

2019లో కృష్ణబిలం మొదటి ఫొటో వచ్చినప్పుడు ఆ లెక్కల వెనక నంపై కూడా ఉంది. 2020లో ఆ నంపై గురించి 'నేచర్' పత్రికలో పెద్ద వ్యాసం వచ్చింది. రాసినవాళ్ల పేర్లు ఇరవై ఆరు. అందులో ఆడపేరు ఒక్కటి కూడా లేదు!

పోటీకి దిగిన ఆడవాళ్లు లేరా అంటే ఉన్నారు. డెబియన్ అని ఇంకో పెద్ద వ్యవస్థ ఉంది. ఎన్నో పరిశోధనశాలల కంప్యూటర్లను నడిపేది అదే. ఏటా ఓట్లతో నాయకుణ్ని ఎన్నుకుంటారు. మన దేశానికి చెందిన శ్రుతి చంద్రన్ అనే అమ్మాయి, ముందు లైబ్రేరియన్‌గా పనిచేసిన మనిషి, 2020లో, 2021లో, మళ్లీ 2024లో ఆ పదవికి నిలబడింది. ఆ మూడుసార్లూ గెలవలేదు. ఓడినా మళ్లీ నిలబడింది చూడండి, ఆ ధైర్యానికి నేను చెయ్యెత్తి దండం పెడతాను.

మరి మా ఇంట్లో ఏం జరిగింది? మా అమ్మాయి కాలేజీ ప్రాజెక్టుకు ఇలాంటి ప్రోగ్రామే ఒకటి వాడుతూ, దాని వివరణలో తప్పు కనిపెట్టింది. దిద్ది పంపింది. వాళ్లు మెచ్చుకుని తీసుకున్నారు. "నీ పేరు వేసిన్రా బిడ్డా?" అని సంబరంగా అడిగాను. తలవంచుకుంది. "రెండు ఇంగ్లీషు అక్షరాలే పెట్టిన అమ్మా. ఆడపిల్లని తెలిస్తే, దీనికేం వస్తదని అంటరేమోనని..."

వాళ్లు ఏమీ అనలేదు. కానీ అంటారేమోనన్న భయం పిల్లకు ఎక్కడి నుంచి వచ్చింది? మన ఇళ్లల్లోంచి రాలేదూ? "అన్నను అడుగు, నీకు తెల్వది" అని మనమే కదా ఎన్నిసార్లో అన్నది!

కొందరంటారు, "పని చేసినోళ్లదే మాట. ఇందులో ఆడా మగా ఏముంది?" అని. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఏది పని? ప్రోగ్రాము రాయడమొక్కటే పనా? చదివేవాళ్లకు అర్థమయ్యేలా వివరణ రాయడం, తప్పులు వెతకడం, కొత్తగా వచ్చినవాళ్లకు ఓపికగా చెప్పడం, మన భాషలోకి తేవడం పనులు కావా? ఇంట్లో వంట చేస్తే లెక్కకు రాదు, జీతం తెస్తే లెక్కకు వస్తుంది. అక్కడా అదే తూకమైతే ఎట్లా? పైగా వాళ్లు దీన్ని ఎక్కువగా రాత్రిళ్లు, ఆదివారాలు కూర్చుని చేస్తారట. మన ఆడపిల్లలకు రాత్రీ ఆదివారమూ ఎవరిచ్చారు?

సీటు ఇస్తే చాలని కూడా నేననను. స్థానిక సంస్థల్లో సగం సీట్లు మనకొచ్చాయి. ఎన్ని ఊళ్లలో భర్తే కుర్చీలో కూర్చుంటున్నాడో మనం చూస్తూనే ఉన్నాం. పేరూ మనదే కావాలి, మాటా మనదే కావాలి.

అందుకని నాకు తోచినవి చెబుతాను. మన బెల్లంపల్లి పాలిటెక్నిక్‌లో గానీ, చుట్టుపక్కల కాలేజీల్లో గానీ ఈ పనిని ల్యాబు గంటల్లోనే చేయించాలి, మార్కుల్లో కలపాలి. అప్పుడు ఇంటిపనితో సతమతమయ్యే పిల్లకూ వీలవుతుంది. ఇదేం జరగని పని కాదు. బొంబాయి ఐఐటీలోని ఫాసీ వాళ్లు పాఠ్యపుస్తకాల్లోని లెక్కలను విద్యార్థులచేత ప్రోగ్రాములుగా రాయించి, సర్టిఫికెట్లతో పాటు పారితోషికం కూడా ఇచ్చారు. అక్కడివాళ్లే చేసిన స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ, డెబియన్ ఆధారంగానే తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. ఇలాంటిచోట మంచి తెలుగు వచ్చిన టీచరమ్మలకు, డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న కోడళ్లకు చేతినిండా పని ఉంటుంది.

ఇక తల్లులం మనం చేయాల్సింది ఒకటుంది. అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు, "జర ఈ గిన్నెలు కడుగు" అని లేపకుండా ఉండడం. నవ్వకండి, నేను వందసార్లు లేపాను!

సెలవులైపోయి బస్సెక్కేముందు మా అమ్మాయితో అన్నాను. "వచ్చే నెల సంఘానికి నువ్వు రాయవు గని, మన పెద్దామె వేలిముద్ర నుంచి సంతకానికి ఎట్ల వచ్చిందో యాది పెట్టుకో. వంకరటింకరగ రాసినా పూర్తి పేరే రాసింది. ఈసారి పంపేటప్పుడు నువ్వు గూడ పూర్తి పేరు రాయి, ఇంటిపేరుతో సహా."

రాస్తానంది. మీ ఇంట్లో అమ్మాయిని కూడా ఒకసారి అడిగి చూడండి. తను చేసిన పని కింద ఎవరి పేరుందో!