తీరిక పని అను అపవాదము

ప్రశంసవలె వినబడుచు సొత్తును అపహరించు మాటలు కొన్ని కలవు. “తీరిక పని” అనునది అట్టి మాట. ఒక స్త్రీ చేత ఊలు ఉండయు, రెండు అల్లికసూదులును కనబడెనా, చూచువారు చిరునవ్వు నవ్వి, “మంచి కాలక్షేపము” అందురు. హిందీ మాటలాడువారు ఇంకను పొట్టిగా “టైంపాస్” అందురు. అనువారికి దురుద్దేశము లేదు. వినునామె కూడ నొచ్చుకొనదు. “ఏదో, ఊరక కూర్చుండలేక” అని తానే ముందుగా తగ్గి పలుకును. ఇరుపక్షములకును సమ్మతమైన మాట గనుక దానినెవ్వరును పరీక్షింపరు. కాని పరీక్షింపవలసిన అగత్యము కలదు. ఏలయన, ఈ దేశమున అసంఖ్యాకములైన చేతుల కష్టమునకు కూలి ఎగవేయుటకు అక్కరకు వచ్చిన మాటలలో ఇంతకంటె మృదువైనది మరియొకటి లేదు.

ఈ పరీక్షకు బిలాస్‌పూర్ వంటి ఊరు తగినది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూరు నుండి అసన్‌సోలు వరకు 1891 నాటికి వేసిన ప్రధానమార్గమువలన, అర్పా నది ఒడ్డుననున్న ఈ పట్టణము పెద్ద కూడలి అయినది. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదియే ముఖ్యస్థానము. రైలుతోపాటు కొలువులును, కొలువులతోపాటు భాషలును వచ్చినవి. 1931లో పూర్తియైన రాయపూరు–విజయనగరము మార్గము ఉత్తరాంధ్రమును ఛత్తీస్‌గఢ్‌తో కలిపినది. తెలుగు కుటుంబములు అనేకము ఇచ్చటి రైల్వే కాలనీలకు చేరినవి. శ్రీకాకుళము నుండియో బొబ్బిలి నుండియో వచ్చిన ఇల్లాలికి పుట్టింట ఊలుతో పని లేదు. ఇరుగుపొరుగు బెంగాలీ, పంజాబీ స్త్రీల చెంత కూర్చుండి ఆమె ఆ విద్య నేర్చినది. విద్యతోపాటు దాని పరిభాషయు అబ్బినది. సూది ఆమెకు “సలాయీ”, కుట్టు “ఫందా”, మూలమైన రెండు కుట్లు “సీధా”, “ఉల్టా”. హిందీలో ఫందా అనగా ఉచ్చు అనియు అర్థము కలదు. ఆ అర్థము కూడ ఈ కథకు అవసరమే.

మే నెలలో బిలాస్‌పూరు ఎండ నలువది డిగ్రీలు దాటును; అప్పుడు ఊలు మాట ఎవ్వరికిని తట్టదు. దీపావళి వెళ్ళినది మొదలు సంక్రాంతి వరకే ఆ సరకునకు గిరాకి. ఆ దినములలో గోల్ బజారునకో, సదర్ బజారునకో, స్టేషను వైపునగల బుధవారీ బజారునకో ఊలు కొన వెడలిన ఇల్లాలి వివేకము చూడదగినది. ఊలు అను పేర నేడు అమ్ముడగునది చాలవరకు గొఱ్ఱె ఉన్ని కాదు, ఆక్రిలిక్ నూలు అని ఆమె ఎఱుగును. ఉండను చెక్కిలికి ఆనించి గరుకుదనము చూచును. కొస విప్పి పేటలు లెక్కించును. దీపపు వెలుగును నమ్మక గుమ్మము వెలుపలికి తెచ్చి రంగు నిదానించును. రంగు సంఖ్య ఒక్కటియే అయినను అద్దకపు లాటు వేరైనచో, స్వెటరు నడుమ ఒక చాఱ తేలును. అది ఎన్ని ఉతుకులకును పోదు. అందుచే పెద్దవారి స్వెటరునకు కావలసిన ఇంచుమించు అరకిలో నూలును ఒకే లాటు నుండి ఎంచుకొనును. చేతిలోని సొమ్ము చాలనిచో, మిగిలిన రెండు ఉండలను మరియొకరికి అమ్మక దాచుమని దుకాణదారును బ్రతిమాలి వచ్చును. అంచునకు పన్నెండవ నంబరు సూది, ఒంటికి పదవ నంబరు సూది. నంబరు పెరిగినకొలది సూది సన్నబడునను తిరకాసును ఆమె ఏనాడో ఒక అల్లిక పాడుచేసికొని నేర్చినది. ఇది యంతయు విద్య. సరకుల ఆఫీసులో ఆమె భర్త నేర్చిన లెక్కలకంటె ఇది తక్కువది కాదు. అయినను ఆయనది ఉద్యోగము, ఆమెది సరదా.

కష్టమును లెక్కవేసిన గాని వాదము నిలువదు. సాధారణమైన మగవారి స్వెటరు ముందుభాగము నూరు ఫందాల వెడల్పు, నూటయరువది వరుసల పొడవు అనుకొనవచ్చును. అవి 16,000 కుట్లు. వెనుకభాగమును అంతియే. చేతులు రెండును కలిపి మరియొక 16,000. మొత్తము 48,000. చేయి తిరిగిన స్త్రీ నిమిషమునకు ఇరువది కుట్ల చొప్పున వేసినను 2,400 నిమిషములు పట్టును. అనగా నలువది గంటలు. మెడపట్టీ, అతుకులు, తప్పువచ్చి విప్పిన వరుసలు ఈ లెక్కలో చేరలేదు. నలువది గంటలనగా ఎనిమిదేసి గంటల పనిదినములు అయిదు. వర్క్‌షాపు పనివాడు అయిదు దినములు పనిచేసినచో జీతపు పట్టీలో అయిదు దినములు పడును. ఈ అయిదు దినములు ఏ పట్టీలోను పడవు.

ఇచ్చట ఇద్దరు ప్రతివాదులు ఎదురగుదురు. మొదటివాడు పొదుపరి. లూధియానా యంత్రములు అల్లిన స్వెటరు చలికాలపు అంగడిలో నూలు ఖరీదునకే దొరకుచుండగా ఇంత శ్రమ దేనికని ఆయన ప్రశ్న. ఈయన మోటుగా మాటలాడినను లెక్క అడుగుచున్నాడు గనుక గౌరవార్హుడు. ఆయనకు సమాధానము సులభము. అంగడి స్వెటరు మోచేతివద్ద చిరిగినచో అది పాతగుడ్డ. ఇంటి అల్లిక అట్లు కాదు. బిడ్డ ఎదిగినప్పుడు కొస పట్టి విప్పి, నూలును తడిపి ఆరవేసి, కొత్త ఉండ యొకటి చేర్చి, చారల స్వెటరుగా మరల అల్లవచ్చును. రైల్వే కాలనీలలో ఒకే నూలు అన్నకు ఒక రూపమున, చెల్లెలికి ఒక రూపమున ఉపయోగపడుట క్రొత్త సంగతి కాదు. రాత్రి డ్యూటీకి పోవు లోకో పైలటు ఎద కొలతకు, భుజముల వాలునకు సరిపోవునట్లు అల్లినది ఆయనకు తప్ప మరియొకరికి అమరదు. పొదుపరి ఈ లాభములను తన ఖాతాలో వ్రాసికొన్నచో సగము వాదము విడిచిపెట్టును.

రెండవవాడు ఆరాధకుడు, ఇతడే ప్రమాదకారి. ఇతడు స్వెటరును కన్నులకద్దుకొని, “ప్రేమతో అల్లినది, అమూల్యము” అనును. అమూల్యమనగా తెలుగున వెలలేనిది. వెలలేనిదనుటలో వెలకట్టరానిదను స్తుతియు కలదు, వెల యీయ నక్కరలేదను వెసులుబాటును కలదు. ఆరాధకుడు మొదటి అర్థమును నోట పలికి రెండవ అర్థమును చేతలలో పాటించును. 1962లో చైనాతో యుద్ధము వచ్చినప్పుడు, హిమాలయములపై జవానులు చలికి తాళలేకుండిరని విని దేశమందలి స్త్రీలు ఊళ్ళూళ్ళను స్వెటర్లు, మేజోళ్ళు అల్లి పంపిరి. ఆనాడు అది కాలక్షేపమని ఎవ్వరును అనలేదు, దేశసేవ అనిరి. సూదులవే, చేతులవే, కుట్లును అవే. అవసరము తీరినంతనే అది మరల తీరిక పని అయినది. పని స్వభావము మారలేదు, పుచ్చుకొనువారి గరజు మారినది.

ఇది యంతయు ఇంటిలోని సంగతి, దీనివలన ఎవరికి నష్టమని అడుగువారు గోదావరి డెల్టావైపు చూడవలెను. పందొమ్మిదవ శతాబ్దిలో మిషనరీల మూలమున అచ్చటికి వచ్చిన కురుషి లేసు అల్లిక నర్సాపురము పరిసరములలో పెద్ద ఎగుమతి వ్యాపారముగా ఎదిగినది. జర్మను విదుషి మారియా మీస్ ఆ లేసుపనివారిపై వ్రాసిన గ్రంథము 1982లో వెలువడెను. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు కొక్కెము త్రిప్పు స్త్రీలను వర్తకులు పనివారని ఒప్పుకొనలేదనియు, వారు “గృహిణులు”, వారిది “తీరిక వేళల పని” అనియు చెప్పి కూలిని అడుగంటించిరనియు ఆమె నిరూపించెను. వారు అల్లినది సముద్రములు దాటి అమ్ముడయ్యెను. లాభము వర్తకుని మేడ అయ్యెను. అల్లినవారికి మిగిలినది ఆ బిరుదము. 2024లో ఆ లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషింపదగినదే. కాని గుర్తింపు పొందినది లేసు; అల్లిన గంటలకు గుర్తింపు ఇంకను రావలసియున్నది.

నర్సాపురము దూరమనువారు బిలాస్‌పూరులోనే రైలెక్కి తూర్పుగా ఏబది కిలోమీటర్లు పోవుదురు గాక, చాంపా వచ్చును. కోసా పట్టునకు అది పేరుపొందిన ఊరు. అచ్చటి నేతపనివారిలో దేవాంగన్ అను ఇంటిపేరు వినగానే తెలుగువారికి దేవాంగులు గుర్తుకు వత్తురు. మద్దిచెట్ల ఆకులు తిని పెరిగిన పురుగుల కాయలను ఉడికించి, నాలుగైదు కాయల పోగులను కలిపి, తొడమీద అరచేతితో రుద్ది పేనుట అచ్చటి స్త్రీల పని. చర్మము ఒరిసి పుండ్లు పడును. 2019 జనవరిలో కేంద్ర జౌళి మంత్రిత్వశాఖ చెప్పిన లెక్క ప్రకారము, తొడపై పేను స్త్రీకి దినమునకు దక్కునది సుమారు 125 రూపాయలు. “బునియాద్” యంత్రముపై తీసినచో 350. ఆ యంత్రము రూపొందుటలో చాంపాకు చెందిన ఒక ఔత్సాహికునకును పాలు కలదు. అప్పుడు దాని వెల 8,675 రూపాయలు. తొమ్మిది వేల లోపు ఖరీదుగల పరికరము చేరువరకు తరతరముల స్త్రీల చర్మము ఆ పని చేసినది. చర్మమునకు అద్దె లేదు గనుక యంత్రమునకై ఎవ్వరును తొందరపడలేదు. చీరకు వెల కట్టునప్పుడు మగ్గముమీది పనిని లెక్కించిరి. ఇంటిలో కూర్చుండి పోగు తీసిన తొడను లెక్కింపలేదు. అదియును “ఇంటిపట్టున ఉండి చేయు పని” గదా!

ఈ రెండు ఉదాహరణములను విని రైల్వే కాలనీలోని అల్లికకత్తె తాను వేరని తలపవచ్చును. ఆమె కూలికి అల్లదు, ముచ్చటకు అల్లును. కాని ఆమెకును ఈ వ్యవహారములో పాత్ర కలదు, చెప్పక తప్పదు. ఊలు దుకాణములో అచ్చువేసిన వెలను మాఱుమాటాడక చెల్లించు చేయియే, కోసా చీర ఎదుట “ఇంతయా?” అని బేరమాడును. మిల్లునకు వెల అడుగు హక్కు కలదనియు మనిషికి లేదనియు ఆ చేయి ఎప్పుడు నేర్చినది? తన గంటలకు సున్న వేసికొనుట అలవాటైన చేయి ఇతరుల గంటలకును సున్న వేయును. మరియొకటి. కాలనీలలోను క్లబ్బులలోను జరుగు ప్రదర్శనలలో ఆమె తన టోపీలను, బూటీలను నూలు ఖరీదుమీద పది యిరువది రూపాయలు చేర్చి అమ్మి, అమ్ముడైనవని మురియును. అదే వీథిలో కుట్లు అల్లికలపై బిడ్డలను పోషించుకొను వితంతువు యొకతె ఉన్నచో, ఆమె సరకునకు ఆ దినముతో వెల పడిపోవును. దయగల చేతులు తెలియక చేయు ఈ పోటీకి లూధియానా యంత్రము కూడ సాటిరాదు. యంత్రమైనను తన విద్యుత్తు ఖర్చును వదలుకొనదు గదా!

బిలాస్‌పూరు స్టేషనునకు భారతీయ సాహిత్యములో స్థానము కల్పించినది ఇట్టి బేరమే. రవీంద్రనాథ ఠాకూరు 1918 నాటి “పలాతక” సంపుటిలో “ఫాంకి” అను కవిత కలదు. బండి మారుటకు అచ్చట దిగిన రోగిష్ఠి ఇల్లాలు, రైల్వే కూలి భార్యయైన రుక్మిణి కష్టము విని, ఆమె కూతురి పెండ్లికి ఇరువదియైదు రూపాయలు ఇమ్మని భర్తను కోరును. అతడు రుక్మిణిని చాటునకు పిలిచి గద్దించి, రెండు రూపాయలిచ్చి పంపి, అంతయు ఇచ్చితినని భార్యను నమ్మించును. ఆమె ఆ తృప్తితోనే కన్నుమూయును. పిమ్మట అతడు ఋణము తీర్చుకొన దలచి అదే స్టేషనులో వెదకినను రుక్మిణి జాడ ఎవ్వరును చెప్పలేరు. పేదచేతికి చెల్లవలసిన సొమ్ము విషయమున ఈ కవిత చెప్పు నీతి కఠినమైనది: ఆలస్యముగా మేల్కొన్న ధర్మబుద్ధికి పుచ్చుకొను మనిషి దొరకకపోవచ్చును.

ఆనందమునకు వెలకట్టినచో ఆనందము చెడునని చివరి ఆక్షేపణ. చెడదు. సంగీత విద్వాంసుడు సంభావన పుచ్చుకొన్నంతమాత్రమున రాగము అపస్వరము కాదు. గాంధీజీకంటె చేతిపనిని పవిత్రముగా భావించినవారు అరుదు. చరఖా ఆయనకు ప్రార్థనతో సమానము. అట్టి ఆయనయే 1935లో, 1925 నుండి పనిచేయుచున్న అఖిల భారత చరఖా సంఘమును నిలదీసి, రాట్నము వడకు స్త్రీకి బ్రతుకుతెరువు సాగునంత కూలి గంటల లెక్కన ఈయవలెనని పట్టుపట్టెను. ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు ఆయన ఆశయము. ఖద్దరు ప్రియమగునని కార్యకర్తలు భయపడిరి. చౌక ఖద్దరు కొఱకు వడకుచేతిని ఎండగట్టుట ఆయనకు అంగీకారము కాలేదు. ఆశించినంత కూలి రాకపోయినను, సూత్రము అంగీకరింపబడెను. పవిత్రమైన పనియే గనుక కూలి అక్కరలేదని కాక, పవిత్రమైనది గనుకనే కూలి ఎగవేయరాదని ఆయన భావము.

కావున చేయవలసినవి కష్టసాధ్యములు కావు. అల్లు స్త్రీ ప్రతి వస్తువునకును పట్టిన గంటలను ఒక చీటిపై వ్రాసికొనవలెను. బహుమానముగా ఇచ్చునప్పుడు ఆ చీటి కూడ జతచేసి ఈయవచ్చును. పుచ్చుకొనువాడు తానేమి పుచ్చుకొనుచున్నాడో తెలిసికొనును. వెల తెలిసి ఇచ్చినది దానము, తెలియక పోయినది నష్టము. అమ్ముటకు పెట్టినచో కనీసపు కూలి లెక్కకు తగ్గి అమ్మరాదు. అమ్ముడు కానిచో ఇంటికి తెచ్చుకొనవలెను. ఇతరుల చేతిపని కొనునప్పుడు ఊలు దుకాణములో చూపిన మర్యాదనే చూపవలెను. అన్నిటికంటె ముందు, “ఏదో, ఊరక కూర్చుండలేక” అను మాటను మానవలెను.

ఫందా అనగా ఉచ్చు అని హిందీవారు అందురు. విప్పుట అల్లికకత్తెకు తెలియని విద్య కాదు. కొస దొరికినచో ఎంత బిగిసిన అల్లికయైనను విడిపోవును. ఆ కొస “తీరిక పని” అను ఈ రెండు మాటలలోనే కలదు.