ఐదు వేల జుర్మానా, లక్షన్నర దిర్హమ్‌లు



మొన్న మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. ఒక పసిబిడ్డ మీద జరిగిన జుల్మ్ అట. కింద "ఈ జాలిమ్ దొరికేదాకా అందరికీ పంపండి" అని రాశారు. నేను తెరవలేదు, తీసేయమన్నాను. "ఇన్సాఫ్ కోసమే కదా భాయ్" అని జవాబు.

నియ్యత్ మంచిదే అనుకుందాం. ఆ బిడ్డకు మాత్రం ప్రతి ఫార్వర్డ్ మళ్లీ అదే జుల్మ్. మన ఐటీ చట్టం 67బి ప్రకారం అలాంటిది పంపినా, డౌన్‌లోడ్ చేసినా జుర్మే. మొదటిసారికే ఐదేళ్ల దాకా ఖైదు, పది లక్షల దాకా జుర్మానా.

"చూస్తే తప్పు లేదని కోర్టే చెప్పింది కదా" అనేవాళ్లూ ఉన్నారు. 2024 జనవరిలో మద్రాస్ హైకోర్టు అలా అన్నది నిజమే. అదే ఏడాది సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. దాన్ని "చైల్డ్ పోర్నోగ్రఫీ" అనే మాటతో పిలవకండి, అది బిడ్డ మీద జరిగిన దోపిడీ, అత్యాచారం అని కూడా చెప్పింది. ఈ సగం ఖబర్ మాత్రం మన చాయ్ హోటళ్ల దాకా రాలేదు!

నా గిలా కానూన్ మీద కూడా ఉంది. పంపే ఉద్దేశంతో అలాంటిది దాచుకుంటే పోక్సో సెక్షన్ 15(1) కింద మొదటిసారికి కనీస జుర్మానా 5,000 రూపాయలు. బిడ్డ బతుకు ఖీమత్ అంతేనా? ఎమిరేట్స్‌లో 2021 నాటి సైబర్ కానూన్ కింద కావాలని దగ్గర పెట్టుకుంటేనే కనీసం ఆరు నెలల ఖైదు, లక్షన్నర దిర్హమ్‌ల జుర్మానా. జపాన్ అయితే 2014 దాకా దగ్గర పెట్టుకోవడాన్ని జుర్మ్‌గానే చూడలేదు. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల నుంచి ఎయిర్‌పోర్టుకు బయలుదేరే మన లడ్కాల జేబులో అదే ఫోన్, అవే గ్రూపులు ఉంటాయి. దిగిన ముల్కులో కానూన్ వేరే.

ఇక ఇజ్జత్ మాట. ఇంట్లో బిడ్డకే ఏదైనా జరిగితే "ఖామోష్‌గా ఉండండి, రిష్తాలు రావు" అంటారు పెద్దలు. తెలిసీ చెప్పకపోతే పోక్సో సెక్షన్ 21 కింద ఆ పెద్దల మీదే కేసు. బిడ్డను ఠాణాకు ఈడ్చనక్కర్లేదు. పోలీసులు యూనిఫాం లేకుండా ఇంటికే వచ్చి బయాన్ తీసుకోవాలి. పేరు బయట పెట్టకూడదు. చైల్డ్‌లైన్ నంబరు 1098.

మా గ్రూపులో ఆ వీడియో పెట్టినాయన రాత్రి దాన్ని తీసేశాడు. అప్పటికే నలుగురు ముందుకు పంపేశారు.