కారవాను ప్రయాణములు – లోపలివారి క్షేమము

ఇంటినే చక్రములపై నెక్కించుకొని దేశాటనము చేయు వేడుక మన దేశమున నానాటికి వ్యాపించుచున్నది. మంచము, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానపు గది గల ఈ బండిని కొందరు కారవాన్ అనియు, కొందరు క్యాంపర్ వ్యాన్ అనియు పిలుచుచున్నారు. 2021లో కేరళ ప్రభుత్వము దీనికై యొక ప్రత్యేక పథకమునే ప్రారంభించెను. మన ప్రాంతముననుండియు అరకులోయకు, గండికోటకు, సూర్యలంక తీరమునకు ఇట్టి బండిలో పోవలెనను కోరిక పట్టణవాసులలో పెరుగుచున్నది. పాత టెంపో బండి నొకదానిని కొని, ఊరి షెడ్డులో చెక్కపని చేయించి, పరుపులు వేయించుకొనువారును కలరు. మేము ఈ వేడుకకు విరోధులము కాము. పరదేశములకు పోయి ధనము వెచ్చించుటకంటె మన కొండలను, మన నదులను, మన దుర్గములను ఆలుబిడ్డలతో దర్శించి వచ్చుట మిక్కిలి శ్లాఘ్యము. కాని ఆ బండి పరుగిడుచున్నప్పుడు లోపలివారు ఎట్లు కూర్చుండుచున్నారను ప్రశ్నను మనలో ఎందరు వేసికొనుచున్నారు?

మన తాతలు తిరునాళ్లకు గూడుబండిలో పోవుచుండిరి. అడుగున వరిగడ్డి, దానిపై బొంత. పిల్లలు నిద్రించుచుండిరి, ముసలివారు జేరగిలబడుచుండిరి, నడుమ అటుకులమూట విప్పుకొని అందరు తినుచుండిరి. ఎద్దులు బెదరి బండి యొరిగినను ఎవరికో మోచేయి గీరుకొనుటతో సరిపోవుచుండెను. ఆ అలవాటు మనలో నేటికిని చావలేదు. ఎద్దులు పోయి ఇంజను వచ్చినది. బొంత పోయి పరుపు వచ్చినది. మనము మాత్రము గూడుబండిలోని మనుష్యులముగానే యున్నాము. బండి బయలుదేరగానే అమ్మమ్మగారిని పరుపుపై పరుండబెట్టుదుము. పిల్లలు కిటికీ కడకు ప్రాకుదురు. ఒక ఇల్లాలు లేచి నిలువబడి కాఫీ కలుపును. సినిమా చిత్రీకరణల యొద్ద తారలు విశ్రమించు కారవానును చూచిన మనవారికి అది విశ్రాంతిగృహమనియే తోచుట సహజము. ఆ బండి అప్పుడు నిలిచియున్నదను సంగతి మరచిపోవుచున్నాము.

లెక్క చూడుడు. గంటకు 5 కిలోమీటర్లు నడచు ఎద్దుబండి హఠాత్తుగా ఆగినచో లోపలివానికి తగులు దెబ్బ జానెడెత్తునుండి పడినదానికంటె తక్కువ. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు వ్యాను చెట్టును ఢీకొన్నచో ఆ దెబ్బ సుమారు 14 మీటర్ల ఎత్తునుండి, అనగా నాలుగంతస్తుల మేడపైనుండి పడినదానితో సమానము. 100 కిలోమీటర్ల వేగమైనచో ఆ ఎత్తు 39 మీటర్లు. బండి ఆగును గాని లోపలి మనిషి ఆగడు. ఏదేని పట్టి ఆపువరకు అదే వేగముతో ముందునకు పోవును. 60 కిలోమీటర్ల వేగమున పోవునది సెకనులో పదియవ వంతు కాలమున నిలిచిపోయినచో, 10 కిలోల పసిబిడ్డ తల్లి చేతులలో దాదాపు 170 కిలోల బరువై లాగును. ఆమె ప్రేమ ఎంతటిదైనను చేతులకు అంత బలము లేదు. గట్టుపై విడిచిన 5 కిలోల కుక్కరు అదే క్షణమున 85 కిలోల రాయివలె ముందున్నవారి తలపై పడును. వెనుక పరుపుపై బెల్టు లేక నిద్రించు పెద్దమనిషి తానొక్కడే గాయపడునని తలంపరాదు. ఆయన దేహమే ముందు కూర్చున్న డ్రైవరును నలిపివేయును.

ఈ యాపదకు విరుగుడు క్రొత్తది కాదు. 1959లోనే స్వీడను దేశపు వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ మూడుచోట్ల బిగియు సీటు బెల్టును నిర్మించెను. కంపెనీవారు ఆ నిర్మాణమును తక్కిన కంపెనీలు కూడ వాడుకొనుటకు విడిచిరి. అయినను 2022లో మన దేశమున బెల్టు ధరింపక మరణించినవారు 16,715 మంది అని కేంద్ర రవాణాశాఖ నివేదిక చెప్పుచున్నది. వారిలో 8,331 మంది డ్రైవర్లు కారు, కేవలము ప్రయాణికులు. ఆ సంవత్సరము సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో పారిశ్రామికుడు సైరస్ మిస్త్రీ మరణించినప్పుడు, ఆయన వెనుకసీటులో బెల్టు లేక కూర్చుండెనని పోలీసులు తెలుపగా దేశమంతయు నివ్వెరపోయెను. ఆ విస్మయము ఎన్నాళ్లు నిలిచినదో చెప్పుటకు మాకు సిగ్గగుచున్నది.

కారవానుల విషయమున చట్టములోనే యొక సందు కలదు. 2019 సవరణచే వచ్చిన 194-బి సెక్షను బెల్టు లేని ప్రయాణికులను తీసికొనిపోవువానికి 1,000 రూపాయల జరిమానా విధించుచున్నది. 14 ఏండ్లలోపు పిల్లలను బెల్టుచేతనో, పిల్లల ఆసనముచేతనో భద్రపరుపవలెననియు చెప్పుచున్నది. మంచిదే. కాని బెల్టు ధరింపవలసినవారి నిర్ణయించు కేంద్ర మోటారు వాహన నిబంధన డ్రైవరును, ముందుసీటువారిని, వెనుకనున్నవారిలో ముందునకు తిరిగియున్న సీట్లవారిని మాత్రమే పేర్కొనుచున్నది. మరి గోడకు చేర్చి అడ్డముగా వేసిన సోఫాపై కూర్చున్నవారి మాట యేమి? పరుపుపై పరుండినవారి మాట యేమి? సాధారణమైన కారును తలచుకొని వ్రాసిన వాక్యము గదియంత బండికి చాలకపోయినది. అడ్డపు సీటుపై నడుమునకు మాత్రము పట్టీ బిగించుటయు చాలదు. బండి ఢీకొన్నప్పుడు దేహము ప్రక్కకు విరుచుకొని మెడకును వెన్నునకును ముప్పు వాటిల్లును. ఈ కారణముననే ఐరోపా కూటమి 2005లో శాసనము చేసి, క్రొత్త ప్రయాణికుల కార్లలోను, వాటి తరగతికి చెందిన కారవానులలోను అడ్డపు సీట్లను నిషేధించెను.

షెడ్డులలో జరుగు పని మాకు మరింత భయము గొలుపుచున్నది. మన మేస్త్రీల చేతిపని గొప్పదే, వారిని నిందింపబోము. అయితే చూచుటకు సొంపైన సీటు నొకదానిని ప్లైవుడ్డు పెట్టెపై బిగించి దానికి బెల్టు తగిలించినంత మాత్రమున అది రక్షణ కాదు. బెల్టు బండి ఉక్కు చట్రమును పట్టుకొనియుండవలెను. లేనిచో దెబ్బ తగిలిననాడు బెల్టు, సీటు, మనిషి కలసియే ఎగురుదురు. అలమర తలుపులకు గట్టి గడియలుండవలెను. బరువులు క్రిందనే యుండవలెను. బండి కదలకముందే గ్యాసు సిలిండరు మూయవలెను. ఆ వాయువు గాలికంటె బరువైనది గనుక, కారినచో కనబడక నేలపైనే పేరుకొని నిప్పురవ్వకై కాచుకొనియుండును.

ద్వారముల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. 2013 అక్టోబరు 30న పాలమూరు జిల్లా పాలెము వద్ద బెంగుళూరునుండి హైదరాబాదు వచ్చు బస్సు మండిపోగా 45 మంది తప్పించుకొన లేక ఆహుతియైరి. ఆ దుఃఖము తెలుగువారికి నేటికిని చల్లారలేదు. కారవానులో తరచుగా ఒక్కటే ద్వారముండును. ఉన్న కిటికీలకు అలమరలు అడ్డము వచ్చును. లోపలినుండి చేతితో తెరచుకొనదగిన రెండవ దారి లేని బండికి అధికారులు ఏమి చూచి యోగ్యతాపత్ర మిచ్చెదరో మాకు బోధపడుటలేదు.

కావున కేంద్ర ప్రభుత్వము ఆ నిబంధనలోని మాటలను సవరించి, కదలు బండిలో బెల్టుగల ముందుమొగపు సీటు లేనివా రెవ్వరును ప్రయాణము చేయరాదని స్పష్టముగా వ్రాయవలెనని కోరుచున్నాము. మన రెండు రాష్ట్రముల పర్యాటకశాఖలు కారవానులకు ప్రోత్సాహ మిచ్చునప్పుడు ఈ షరతును ముందుగానే పెట్టవచ్చును. దానికి ఢిల్లీ ఆజ్ఞకై వేచియుండనక్కరలేదు. అద్దె కంపెనీలు చేయవలసినది ఇంకను సులభము. “ఎనమండుగురు పరుండవచ్చును” అని వారు ప్రకటించుచున్నారు. పరుండుటకు చోటు వేరు, ప్రయాణమునకు చోటు వేరు. బెల్టులు నాలుగే యున్నచో రసీదుపై నాలుగని ముద్రింపవలెను. తక్కిన నలుగురు వెనుక వేరొక కారులో వచ్చి, బండి నిలిచిన పిమ్మట ఆ పరుపులపై సుఖముగా నిద్రింపవచ్చును.